ఎదుగు పిల్లల మనోవ్యధ - తల్లిదండ్రుల కర్తవ్యము

పైరు ఆకు పసుపుబారినచో రైతు దానిని ఒక్క చూపులో గుర్తించును. నీరు చాలలేదో, తెగులు సోకినదో విచారించి తగిన ఉపాయము చేయును. తన యింట పెరుగుచున్న పదునైదేండ్ల బిడ్డ ముఖము వాడినపుడు మాత్రము "సోమరితనము హెచ్చినది", "పొగరు పెరిగినది" అని మందలించి ఊరకుండుట కలదు. ఆ మార్పునకు కారణము కుంగుబాటు అను వ్యాధి కావచ్చును.

కుంగుబాటు ఒకపూట దిగులు కాదు. పరీక్ష తప్పినపుడో, స్నేహితునితో తగవు వచ్చినపుడో కలుగు విచారము సాధారణముగా కొలది దినములలో తీరిపోవును. దిగులుగాని, దేనియందును ఆసక్తి లేకుండుటగాని రెండు వారములపాటు ఇంచుమించు ప్రతిదినము నిలిచి, చదువునకు, పనికి అడ్డువచ్చినచో వైద్యుని సంప్రదించుట అవసరము.

ఈ వయస్సున కుంగుబాటు కన్నీటి రూపముననే కనిపించదు. చీటికిమాటికి కోపము, నిద్ర చెడుట, ఆకలి తగ్గుట, ఆటలు మానుట, ఒంటరిగా నుండుట, మార్కులు పడిపోవుట, కారణము తెలియని తలనొప్పి, కడుపునొప్పి దీని గుర్తులు కావచ్చును. వీనిని అందరికంటె ముందు చూడగలవారు తల్లిదండ్రులే.

అట్టి బిడ్డను పదిమందిలో ప్రశ్నింపరాదు. పొలము గట్టుననో, వంటయింటనో ఒంటరిగానున్నపుడు నెమ్మదిగా అడుగవలెను. చెప్పునది పూర్తిగా వినవలెను. పొరుగింటి పిల్లలతో పోల్చరాదు. ఆడపిల్ల యైనచో పెండ్లి చేసిన సరిపోవునని తలంచరాదు; పెండ్లి దీనికి చికిత్స కాదు.

"నేనుండి ఏమి లాభము" అను మాటను బెదిరింపుగా కొట్టివేయరాదు. చనిపోవలెనను తలంపు కలదా అని సూటిగా అడుగవచ్చును. అడిగినందువలన ఆ తలంపు పుట్టదు. బిడ్డ మనోభారము తగ్గును. తలంపు కలదని తెలిసినచో బిడ్డను ఒంటరిగా విడువక, నాడే వైద్యునికి చూపవలెను. పురుగుమందు డబ్బాలను ఇంట నుంచక, వేరొకచోట తాళము వేసి భద్రపరుపవలెను.

కుంగుబాటు నయమగు వ్యాధి. మాటలద్వారా చేయు చికిత్సయు, అవసరమైనచో మందులును కలవు. మొదట ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యుని చూచి, ఆయన సలహాపై మనోవైద్యుని కలియవచ్చును. కేంద్రప్రభుత్వము 2022 అక్టోబరు 10వ తేదీన ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 సంఖ్యపై రేయింబవళ్లు ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగులోనే మాట్లాడవచ్చును.

జ్వరమునకు మందిప్పించుటలో లేని సిగ్గు దీనికి ఏల? పైరును కనిపెట్టు కన్ను బిడ్డనుకూడ కనిపెట్టుగాక.