‘రన్’ అను ఆంగ్ల క్రియయు, మన తెలుగు పలుకుబడియు

ఆంగ్లమున కఠినమైన పదము లేవియని మా పాఠశాల బాలుర నడిగినచో వారు పొడవైన పదములనే చూపుదురు. నా బోధనానుభవమున నది నిజము కాదు. పొడవైన పదమునకు సాధారణముగా ఒకటి రెండర్థములే యుండును. నిజముగా చిక్కుపెట్టునవి చిన్న పదములు. వానిలో మూడే అక్షరముల ‘రన్’ అను క్రియ అగ్రగణ్యము. ఆక్స్‌ఫర్డు ఆంగ్ల నిఘంటువు నూతన ముద్రణ కొరకు పీటర్ గిలివర్ అను నిఘంటుకారుడు ఈ యొక్క క్రియపైననే తొమ్మిది నెలలు శ్రమించి 645 అర్థములను వేరుపరచినట్లు 2011లో పత్రికలు ప్రకటించినవి. 1989 నాటి రెండవ ముద్రణలో 430 అర్థములతో ‘సెట్’ అను క్రియ ముందుండెను.

ఇన్ని యర్థము లెట్లు కలిగినవి? ముఖ్యకారణములు రెండు. ప్రాచీనాంగ్లమున ‘పరుగెత్తు’, ‘పరుగెత్తించు’ అను నర్థములకు వేర్వేరు క్రియలుండగా, కాలక్రమమున నవి కలిసి యొక్కటైనవి. కనుకనే ఆంగ్లమున యంత్రమును ‘రన్’ అగును, యజమానియు దానిని ‘రన్’ చేయును. మనకు నడచు–నడుపు, పారు–పారించు అని రూపభేద మున్నది. రెండవ కారణము యంత్రయుగము. ఆవిరి యంత్రములు, రైళ్లు, మిల్లులు, నేడు కంప్యూటర్లు, అన్నియు నీ క్రియనే యాశ్రయించినవి.

మా తరగతిలో నొక బాలుడు “మా మామ కొట్టును పరుగెత్తించుచున్నాడు” అని యనువదించెను. తరగతి యంతయు నవ్వినది. కాని తప్పు వానిది కాదు. ‘రన్ అనగా పరుగెత్తుట’ అని వల్లెవేయించినది మేమే. తెలుగున మనిషి పరుగెత్తును, నది పారును, ముక్కు కారును, బట్ట రంగు దిగును, బాట సాగును. కొట్టును, బడిని, బండిని నడుపుదుము. పిండిమర యాడును, సినిమా యాడును. మిత్రుడు దారిలో తారసపడును. దుబారా చేయువాడు అప్పులపాలగును. ఎన్నికలలో అమెరికా అభ్యర్థి ‘పరుగెత్తును’. ఇంగ్లండు అభ్యర్థి ‘నిలుచును’, మనవాడును నిలుచును. ‘పరుగు’ అను మాట యథాతథముగా చక్కగా నతికినది క్రికెట్టు ఆటలో మాత్రమే.

రాష్ట్రేతర ప్రాంతములందలి మన పిల్లలకు మరియొక చిక్కు గలదు. మా హోసూరు ప్రాంతమున బిడ్డ ఇంట తెలుగును, వీధిలో తమిళ కన్నడములను, పుస్తకమున నాంగ్లమును వినును. తమిళమునను కన్నడమునను ‘ఓడు’ అనగా పరుగెత్తుట. ఆ భాషలలో బండియు ‘ఓడును’, సినిమాయు ‘ఓడును’. అనగా ఆంగ్లపు ‘రన్’ వలెనే విస్తరించిన క్రియ యది. తెలుగున నదే ధాతువు పరాజయార్థమున స్థిరపడినది. రణమున పారిపోయినవాడే ఓడినవాడు గదా! కావున “ఆ సినిమా నూరు దినములు ఓడినది” అని మా బాలిక యొకతె వ్రాసినపుడు, ఆమె యుద్దేశించినది విజయము, తెలుగువారికి బోధపడునది పరాజయము. ఇట్టిచోట బిడ్డను గద్దించుట తగదు. మూడు భాషల వాడుకలను ప్రక్కప్రక్కన నుంచి చూపిన, ఆ తప్పే మంచి పాఠమగును.

ఇక బియ్యము ‘రన్ అవుట్’ అగుటను గూర్చి చెప్పవలెను. దీనిని తెలిగించుడనగా తరగతిలో నందరును ‘అయిపోయినవి’ అని వ్రాసిరి. తప్పు కాదు. కాని యొక బాలిక మాత్రము “మా నాయనమ్మ ‘నిండుకొన్నవి’ అనును” అని మెల్లగా పలికినది. తక్కిన పిల్లలు “డబ్బా నిండినదా?” యని యాశ్చర్యపడిరి. ఇంట ధాన్యము లేదను నశుభపు మాట నోట రాకుండుటకై మన పెద్దలు లేమిని నిండుతనముగా పలికిరి. ఆ యొక్క మాటలో మన గృహిణుల మర్యాదయు, ఆశయు నిమిడియున్నవి. ఏ ఆంగ్ల–తెలుగు పదపట్టికను కంఠస్థము చేసినను ఆ మర్యాద యలవడదు. ఆ బాలికకు నాయనమ్మ లేకున్న, మా తరగతిలో నా దినమున నా మాట వినబడియే యుండదు.

కావున తల్లిదండ్రులకు నా విన్నపము. ఆంగ్లపదమున కొక్క తెలుగు పదమును జతపరచి వల్లెవేయింపకుడు. వాక్యమును చెప్పి, “దీనిని మన ఇంట నేమందురు?” అని యడుగుడు. బిడ్డకు తెలియనిచో పెద్దల వద్దకు పంపుడు. ఆంగ్లము నేర్చుటవలన తెలుగు చెడదు. ఇంట పలుకుట మానినచో చెడును. ‘రన్’ యొక్క యర్థములను నిఘంటుకారులు లెక్కించి భద్రపరచిరి. రాష్ట్రమునకు వెలుపలనున్న మన యిండ్లలోని పలుకుబడిని భద్రపరచువారు మనము గాక వేరెవరు?