పాటకు చోటు, నేలకు పోలీసు

1980 ఏప్రిల్‌లో హేగ్ నగరంలో జరిగిన యూరోవిజన్ పాటల పోటీకి నార్వే పంపిన గీతం పేరుకు ‘సామీల నేల’ అని అర్థం. ఉత్తరాది ఆదివాసులైన సామీల గానరీతి యోయిక్‌ను మతప్రచారకులు ఒకప్పుడు పాపమన్నారు. బడులు వారి భాషనే వెలివేశాయి. ఆ యోయిక్‌నే మాటిస్ హేట్టా దేశం పేరిట ఆలపించాడు. ఆల్టా నదిపై ఆనకట్ట వద్దంటూ 1979లో ఓస్లోలో పార్లమెంటు ఎదుట సామీలు చేసిన నిరాహారదీక్షే ఆ పాటకు ప్రేరణ.

దక్కింది పదహారో స్థానం. అది పెద్ద విషయం కాదు. 1981 జనవరిలో ప్రభుత్వం దాదాపు 600 మంది పోలీసులను దింపి నిరసనకారులను ఈడ్చివేయించింది. సామీ గొంతు దేశానికి అలంకారమైనంతవరకు అభ్యంతరం లేదు. నది మాట ఎత్తితేనే నేరం. 1987లో ఆల్టా విద్యుత్కేంద్రం ప్రారంభమైంది. సామీ పార్లమెంటు కొలువుదీరింది ఆ తర్వాతే, 1989లో.