ఆయిలర్ నిగ్గు తేల్చిన సంఖ్య

2,14,74,83,647. రెండు వందల పద్నాలుగు కోట్ల చిల్లర. 2ని 31 సార్లు వేసి గుణించి, వచ్చిన లబ్ధంలోంచి ఒకటి తీసేస్తే మిగిలేది ఇదే. ఒకటితోనూ తనతోనూ తప్ప మరి దేనితోనూ నిశ్శేషంగా భాగం పోదు. అంటే ప్రధాన సంఖ్య.

ఈ తరహా ప్రధాన సంఖ్యలను ఫ్రెంచి క్రైస్తవ సన్యాసి మెర్సెన్ పేరుతో పిలుస్తారు. ఘాతాంకం (ఇక్కడ 31) ప్రధాన సంఖ్య అయితేనే ఫలితం ప్రధాన సంఖ్య అయ్యే వీలుంది, అయి తీరుతుందన్న హామీ మాత్రం లేదు. 11 ప్రధాన సంఖ్యే. 2కు 11వ ఘాతంలోంచి ఒకటి తీసేస్తే వచ్చే 2047 మాత్రం 23, 89ల లబ్ధం. మెర్సెన్ 1644లో ప్రకటించిన ఘాతాంకాల జాబితాలో 31 ఉంది. అదే జాబితాలోని 67, 257 తప్పని తర్వాత తేలింది కనుక ఆయన మాట ఒక్కటే చాలదు.

31 సంగతి 1772లో తేల్చినవాడు గణితజ్ఞుడు లియొనార్డ్ ఆయిలర్. అప్పటికి ఆయనకు చూపు దాదాపు పోయింది. ఈ సంఖ్యకు వర్గమూలం 46,340 దాటుతుంది. అంతలోపు ప్రధాన సంఖ్యలే నాలుగు వేల ఏడు వందలకు పైగా ఉన్నాయి. అన్నిటితోనూ భాగించి చూడటం కాగితం మీద జరిగే పని కాదు. అయితే దీనికి ప్రధాన భాజకం అంటూ ఉంటే, దాన్ని 31తో భాగిస్తే శేషం 1, 8తో భాగిస్తే 1 గానీ 7 గానీ రావాలి. (2047 భాజకాలను 31కి బదులు 11తో భాగించి చూడండి, ఇదే నియమం కనిపిస్తుంది.) ఈ జల్లెడలో వందలోపు ప్రధాన సంఖ్యలే మిగులుతాయి. వాటిలో మొదటిది 311. దానితో భాగిస్తే శేషం 35. చివరిదాకా ఏదీ నిశ్శేషంగా భాగించలేదు.

ఈ 2,14,74,83,647ను 2కు 30వ ఘాతంతో గుణిస్తే 19 అంకెల పరిపూర్ణ సంఖ్య వస్తుంది: 2305843008139952128. 6కు 1, 2, 3 లాగా, దీని భాజకాలను (దాన్ని వదిలేసి) కూడితే తిరిగి అదే వస్తుంది. ఇంతకన్నా పెద్ద పరిపూర్ణ సంఖ్యను ఎవరూ కనిపెట్టబోరని, అవి ఉత్త వింతలే తప్ప ఉపయోగం లేనివని ఇంగ్లండు గణితజ్ఞుడు పీటర్ బార్లో 1811లో రాశాడు. తొందరపాటు జోస్యమే అది. 1876లో ఫ్రెంచి గణితజ్ఞుడు ఎడువార్డ్ లూకాస్ 39 అంకెల మెర్సెన్ సంఖ్య ఒకటి ప్రధాన సంఖ్యేనని నిరూపించాడు, దాంతో ఇంకా పెద్ద పరిపూర్ణ సంఖ్య దొరికినట్టే.

31 కూడా మెర్సెన్ సంఖ్యే. 5 నుంచి 31, 31 నుంచి ఈ సంఖ్య పుట్టాయి. వరస ఇక్కడితో తెగిపోతుంది: దీన్నే ఘాతాంకంగా పెడితే వచ్చే 64 కోట్లకు పైగా అంకెల సంఖ్యకు 15 అంకెల భాజకం ఒకటి ఉంది.

ఉపయోగం మాటకొస్తే, కంప్యూటర్లో 32 బిట్లలో ఒకటి ధన, రుణ గుర్తుకు పోగా, మిగిలిన 31లో పట్టే అతి పెద్ద సంఖ్య ఈ 2,14,74,83,647. మరొకటి కలిపితే లెక్క సాధారణంగా రుణ సంఖ్యలోకి దొర్లుతుంది. ‘గంగ్నమ్ స్టైల్’ పాట వీడియో వీక్షణలు 2014లో ఈ హద్దును దాటబోతున్నాయని ముందే గమనించి యూట్యూబ్ తన లెక్కింపును 64 బిట్లకు మార్చింది. 1970 జనవరి 1 నుంచి సెకన్లను 32 బిట్లలో లెక్కపెట్టే పాత వ్యవస్థలకు ఈ హద్దు మన సమయం ప్రకారం 2038 జనవరి 19 ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు వస్తుంది. మార్చకుండా వదిలేస్తే మరుసటి సెకనుకు వాటి గడియారాలు 1901 డిసెంబరుకు వెళ్లిపోతాయి.