సముద్రపు లోతుకు లైసెన్సు

ఓడలు వాడే నాటికల్ చార్టులో ఎక్కడ ఎంత లోతుందో, అడుగున బండ ఉందో బురద ఉందో, మునిగిపోయిన ఓడలు ఎక్కడ పడి ఉన్నాయో, ఏ లైట్‌హౌసు ఎన్ని సెకన్లకోసారి వెలుగుతుందో, రేవులోకి దారి చూపే బోయలు ఎక్కడ తేలుతున్నాయో అన్నీ ఉంటాయి. రోడ్డు పటం గీయాలనుకున్నవారు ఆ రోడ్డు మీద తిరిగి చూసుకోవచ్చు. నీటి కింద ఉన్నది అలా కనబడదు. సోనార్ బిగించిన సర్వే ఓడ ఒకే ప్రాంతంలో పొలం దున్నినట్టు వరుస వెంట వరుసగా తిరిగితేనే అది తెలుస్తుంది. ఆ ఖర్చు పెట్టేది దాదాపు అన్ని దేశాల్లోనూ ప్రభుత్వమే. కాబట్టి లోతుల లెక్కలు ప్రభుత్వం దగ్గరే ఉంటాయి. వాటి ఆధారంగా చార్టులో, యాప్‌లో, పడవల్లో బిగించే పరికరాలో తయారుచేసి అమ్మాలనుకునే కంపెనీలు చాలా దేశాల్లో ప్రభుత్వ లైసెన్సు తీసుకోవాలి. ఆ ప్రభుత్వ సంస్థ కూడా చార్టులు అమ్ముతూ ఉంటే లైసెన్సు ఇచ్చేదీ, బజార్లో పోటీపడేదీ ఒక్కరే అవుతారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

ఈ వ్యవహారాన్ని అర్థం చేసుకోవడానికి బ్రిటన్‌ను మించిన ఉదాహరణ లేదు. 18వ శతాబ్దంలో అక్కడ చార్టులు పూర్తిగా ప్రైవేటు వ్యాపారం. నావికులు తెచ్చిచ్చిన కొలతలను లండన్ దుకాణదారులు అచ్చువేసి అమ్మేవారు. కాగితం చిరగకుండా వెనక నీలిరంగు కాగితం అతికించేవారు కాబట్టి ఆ చార్టులకు బ్లూబ్యాక్‌లన్న పేరు వచ్చింది. యుద్ధనౌకలకు ఈ దుకాణాల సరుకు చాలదని 1795లో, నౌకాదళాన్ని నడిపే అడ్మిరాల్టీ సొంత హైడ్రోగ్రాఫిక్ కార్యాలయాన్ని పెట్టింది. దాని మొదటి అధికారి అలెగ్జాండర్ డాల్రింపుల్. మద్రాసులోని సెయింట్ జార్జి కోటలో ఈస్టిండియా కంపెనీ కొలువు చేసి, ఆ తర్వాత కంపెనీకే హైడ్రోగ్రాఫర్‌గా పనిచేసినవాడు. ఆ కార్యాలయం తొలి చార్టు 1800లో వెలువడింది. 1821 నుంచి చార్టులను బయటివారికీ అమ్మడం మొదలైంది. సర్వే ఖర్చు నౌకాదళానిది కాబట్టి ధర తక్కువ, కొలతలు కొత్తవి. దుకాణదారులు ఆ రెండింటితోనూ పోటీపడలేక ఒక్కొక్కరే వెనకబడ్డారు. మిగిలిన కొద్ది సంస్థలు 1904లో కలిసి ఇమ్రే, లారీ, నోరీ అండ్ విల్సన్ అయ్యాయి. ఆ సంస్థ నేటికీ పడవల యజమానుల కోసం చార్టులు వేస్తోంది, ప్రభుత్వ సమాచారాన్ని లైసెన్సు మీద తీసుకుని. ప్రభుత్వం తక్కువ ధరకు అమ్మితే పోటీదారుకు కష్టం, ముడిసరుకు ధర పెంచినా అతనికే కష్టం. రెండు వందల ఏళ్లుగా ఈ రెండు భయాలూ అలాగే ఉన్నాయి.

ఆ అడ్మిరాల్టీ కార్యాలయమే నేడు టాంటన్ పట్టణంలోని యునైటెడ్ కింగ్‌డమ్ హైడ్రోగ్రాఫిక్ కార్యాలయం. అది 1996లో ట్రేడింగ్ ఫండ్‌గా మారింది. అంటే రక్షణ శాఖ కింద ఉంటూనే తన ఖర్చులు తానే సంపాదించుకోవాలి, మిగులులో ప్రభుత్వానికి వాటా ఇవ్వాలి. అడ్మిరాల్టీ పేరుతో అది అమ్మే చార్టులు ప్రపంచమంతా వాడుకలో ఉన్నాయి. వాటి మీద క్రౌన్ కాపీరైట్, అంటే ప్రభుత్వ కాపీరైట్ ఉంటుంది. ఒక చోట లోతు పన్నెండు మీటర్లన్నది నిజం మాత్రమే, దానికి యజమాని ఉండడు. కానీ వేల కొలతలను ఏరి, పేర్చి తయారుచేసిన సంకలనానికి ఐరోపా చట్టాల్లో డేటాబేస్ హక్కు పేరుతో విడిగా రక్షణ ఉంది. లైసెన్సు రుసుము నిలబడింది ఈ రెండు హక్కుల మీదే.

తన ముడి సమాచారానికి ఆ సంస్థ తన సొంత చార్టుల విభాగం నుంచి ఎంత వసూలు చేస్తోంది, బయటి కంపెనీ నుంచి ఎంత వసూలు చేస్తోంది? న్యాయమైన పోటీ ఉందా లేదా అన్నది తేల్చే ప్రశ్న ఇదొక్కటే. జమాఖర్చులు విడివిడిగా లేకపోతే దీనికి జవాబు దొరకదు. పటాలు గీసే ఆర్డ్‌నెన్స్ సర్వే, వాతావరణ శాఖ, హైడ్రోగ్రాఫిక్ కార్యాలయం వంటి సంస్థలు సమాచారాన్ని అమ్మే తీరును బ్రిటన్ పోటీ నియంత్రణ సంస్థ ఆఫీస్ ఆఫ్ ఫెయిర్ ట్రేడింగ్ పరిశీలించి 2006 డిసెంబరులో నివేదిక ఇచ్చింది. తీరు మారితే ఈ సమాచారం వల్ల దేశానికి కలిగే ప్రయోజనం రెట్టింపై, ఏడాదికి దాదాపు వంద కోట్ల పౌండ్లకు చేరుతుందని అందులో అంచనా వేసింది. శుద్ధి చేయని సమాచారాన్ని వీలైనంత త్వరగా, తమ విభాగాలకు ఇచ్చే షరతుల మీదే బయటివారికీ ఇవ్వాలన్నది దాని ప్రధాన సూచన.

చట్టం అప్పటికే ఉంది. ఐరోపా సమాఖ్య 2003లో చేసిన ఆదేశాన్ని అనుసరించి బ్రిటన్‌లో 2005 జులై నుంచి కొత్త నిబంధనలు వచ్చాయి. ప్రభుత్వ సంస్థ తన విధులకు బయట చేసే వ్యాపారానికి సొంత సమాచారాన్ని వాడుకుంటే, పోటీదారుకు వర్తించే ధర, షరతులే తనకూ వర్తించాలి. వినడానికి బాగానే ఉంది. అయితే చార్టులు అమ్మడమే మా విధి అని సంస్థ అంటే? అప్పుడు ఈ నిబంధన పక్కకు తప్పుకుంటుంది. ఏది విధి, ఏది వ్యాపారం అన్న గీత ఎక్కడ పడుతుందన్న దాని మీదే మొత్తం నిలబడి ఉంది. ఆ గీత గీయడంలో సంస్థ మాట కూడా చెల్లుబాటవుతుంది కాబట్టి నిబంధన కాగితం మీద కనిపించినంత గట్టిది కాదు.

అమెరికా పద్ధతి ఇందుకు పూర్తిగా భిన్నం. జెఫర్సన్ అధ్యక్షుడిగా ఉన్న 1807లో అక్కడ కోస్ట్ సర్వే ఏర్పడింది. ఇప్పుడు ఆ పని నోవా అనే ప్రభుత్వ సంస్థలో జరుగుతోంది. ఫెడరల్ ప్రభుత్వం తయారుచేసిన వాటికి అమెరికా చట్టం కాపీరైటే ఇవ్వదు. అది చాలదన్నట్టు 1995 నాటి చట్టం మరో రెండు కట్టుబాట్లు పెట్టింది. సమాచారాన్ని ఒక్కరికే ప్రత్యేకంగా అప్పగించకూడదు. పంపిణీకి అయ్యే ఖర్చుకు మించి వసూలు చేయకూడదు. నోవా ఎలక్ట్రానిక్ చార్టులను ఎవరైనా ఉచితంగా దించుకుని, మార్చుకుని, అమ్ముకోవచ్చు. చిన్న పడవల యాప్‌లు చేసే కంపెనీలు అక్కడ అన్ని పుట్టుకురావడానికి ఇది పెద్ద కారణం.

పంచడం ఉచితమైనంత మాత్రాన కొలవడం జరిగిపోదు. 1992 ఆగస్టు 7న క్వీన్ ఎలిజబెత్ 2 అనే ప్రయాణికుల ఓడ మసాచుసెట్స్ తీరంలో, చార్టులో లేని బండలకు తగిలి అడుగు చీల్చుకుంది. ఆ నీళ్లను చివరిసారిగా కొలిచింది 1939లో. అమ్మకాల రాబడి లేని సంస్థకు సర్వే డబ్బు ఏటా బడ్జెట్‌లోంచే రావాలి. రుసుము వసూలు చేసే దేశాలు ఎత్తిచూపేది దీన్నే, ఆ వాదనలో పస లేకపోలేదు.

కెనడా 1990లలో ఈ రెండు దారులూ కాక మరోదాన్ని ప్రయత్నించింది. తన హైడ్రోగ్రాఫిక్ విభాగపు డిజిటల్ సమాచారం మీద సెయింట్ జాన్స్‌లోని నాటికల్ డేటా ఇంటర్నేషనల్ అనే ఒక్క ప్రైవేటు సంస్థకు ప్రత్యేక హక్కు ఇచ్చింది. ప్రభుత్వ గుత్తాధిపత్యం ప్రైవేటు గుత్తాధిపత్యమైందే తప్ప పోటీ రాలేదు. ఆ సంస్థకూ మరో చార్టుల కంపెనీకీ మధ్య వచ్చిన తగవు ఫెడరల్ కోర్టుల దాకా వెళ్లింది.

పెద్ద ఓడల విషయంలో పోటీకి అసలు చోటే తక్కువ. సముద్రంలో ప్రాణభద్రతకు సంబంధించిన సోలాస్ అనే అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం, ప్రభుత్వమో అది అధికారమిచ్చిన సంస్థో వెలువరించినదే నాటికల్ చార్టు. 2012 నుంచి 2018 వరకు దశలవారీగా ఓడల్లో ఎక్‌డిస్ అనే ఎలక్ట్రానిక్ చార్టు వ్యవస్థ తప్పనిసరైంది. ఒక ప్రాంతపు ఎలక్ట్రానిక్ చార్టును ఒకే దేశం తయారుచేయాలన్నది, మొనాకో కేంద్రంగా ఉన్న అంతర్జాతీయ హైడ్రోగ్రాఫిక్ సంస్థలో దేశాలు కుదుర్చుకున్న సూత్రం. ఒకే నీటికి రెండు చార్టులు రెండు లోతులు చూపితే ఓడ నడిపేవాడి గతేమిటన్నది దీని వెనకున్న ఆలోచన. సమంజసమైనదే. చార్టు ఫైళ్లను ఎస్-63 అనే పద్ధతిలో తాళం వేసి పంపుతారు. ఆ తాళంచెవి ఆ ఓడలోని యంత్రానికే పనిచేస్తుంది, చందా గడువు తీరితే కొత్త చెవి కొనుక్కోవాలి. నార్వేలోని ప్రైమార్, బ్రిటన్‌లోని ఐసీ-ఈఎన్‌సీ అనే కేంద్రాలు వివిధ దేశాల చార్టులను ఒకచోట చేర్చి పంపిణీదారులకు ఇస్తాయి. ఈ రంగంలో పోటీ చార్టుల మధ్య కాదు, పంపిణీదారుల సేవల మధ్యే.

చేపల పడవలు, విహార నౌకల మార్కెట్ వేరు. అక్కడ నావియోనిక్స్, సీ-మ్యాప్ వంటి ప్రైవేటు చార్టులు రాజ్యమేలుతాయి. వాటిలో కొన్ని, వాడకందారుల పడవల సోనార్ నుంచి వచ్చే లోతులను కూడా కలుపుకుంటాయి. లైసెన్సు షరతులు బిగించడానికి ప్రభుత్వ సంస్థలు సాధారణంగా చెప్పే కారణం భద్రత. ఆ భయం నిరాధారం కాదు. 2014 నవంబరులో ప్రపంచ పడవ పందెంలో పాల్గొంటున్న వెస్టాస్ విండ్ అనే పడవ హిందూ మహాసముద్రంలోని కార్గడోస్ కరజోస్ దిబ్బల మీదికి ఎక్కింది. ఎలక్ట్రానిక్ చార్టును దగ్గరగా చేసి చూస్తే తప్ప దిబ్బల వివరం తెరపై సరిగా కనిపించకపోవడం అందుకు ఒక కారణమని విచారణలో తేలింది. సమాచారం ఉంటే చాలదు, దాన్ని చూపే తీరూ ముఖ్యమే. బాధ్యత ఎవరిదన్నది ఇంకా చిక్కు ప్రశ్న. అమెరికాలో ప్రభుత్వం ఇచ్చిన వివరాలతో ఒక ప్రైవేటు సంస్థ వేసిన విమాన చార్టును అమ్మకపు వస్తువుగానే పరిగణించాలని, ప్రభుత్వ వివరాల్లో తప్పున్నా సంస్థ బాధ్యత తప్పదని 1985లో ఒక అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది. అది విమానాల కేసే అయినా లైసెన్సు తీసుకునే ఓడ చార్టుల కంపెనీలకూ హెచ్చరికే.

భారతదేశంలో చార్టుల బాధ్యత నౌకాదళానిది. 1874లో కలకత్తాలో మొదలైన మెరైన్ సర్వే శాఖకు వారసురాలైన నేషనల్ హైడ్రోగ్రాఫిక్ కార్యాలయం సముద్రానికి ఎంతో దూరంలో, డెహ్రాడూన్‌లో ఉంది. కొత్త సర్వే నౌకలు సంధాయక్, నిర్దేశక్ రెండూ 2024లో విశాఖపట్నంలోనే నౌకాదళంలో చేరాయి. బయటివారికి ఈ రంగం చాలాకాలం మూసిన తలుపే. 2021 ఫిబ్రవరి 15న కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాలు దాన్ని కొంత తెరిచాయి. ముందస్తు అనుమతులు, లైసెన్సులు లేకుండానే భారతీయ సంస్థలు భౌగోళిక సమాచారం సేకరించవచ్చు. దేశ జలాల్లో సర్వే మాత్రం ఎంత స్థూలమైనదైనా భారతీయ సంస్థలే చేయాలి. లోతుల విషయంలో హద్దు కూడా పెట్టారు. తీరం నుంచి 500 మీటర్ల దాకా 10 మీటర్లు, ఆపైన 100 మీటర్ల కచ్చితత్వం. అంతకంటే సూక్ష్మమైన సమాచారాన్ని విదేశీ కంపెనీలు సొంతం చేసుకోలేవు. భారతీయ సంస్థ నుంచి లైసెన్సు తీసుకున్నా, దేశంలోని వినియోగదారులకు సేవలందించడానికే వాడాలి, సమాచారం తమ సర్వర్ల గుండా పోకూడదు. రేవు ముందు పెద్ద ఓడ అడుక్కీ నేలకీ మధ్య మిగిలే నీరు ఒకటి రెండు మీటర్లే కావచ్చు. పది మీటర్ల తేడా ఉన్న లోతు అక్కడ ఎందుకూ కొరగాదు. అంటే విదేశీ కంపెనీకి తెరిచిన తలుపు నౌకాయానానికి పనికొచ్చేది కాదు. భద్రత కోసం పెట్టిన హద్దే దేశీయ కంపెనీలకు రక్షణ గోడ కూడా అయింది.

సముద్ర సమాచారంలో రుసుము లేని పంపిణీ మన దేశానికి కొత్తేమీ కాదు. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ చేపలు దొరికే ప్రాంతాల సూచనలను తెలుగు సహా తీర భాషల్లో మత్స్యకారులకు ఉచితంగానే ఇస్తోంది. చార్టు చట్టపరమైన పత్రం, ఇది సలహా మాత్రమే అన్న తేడా ఉంది. అయినా రెండింటి వెనకా ఉన్నది పన్నుల సొమ్మే.

లైసెన్సుల చర్చ ఇప్పుడు చార్టును దాటిపోతోంది. ఎస్-100 అనే కొత్త ప్రమాణంలో సముద్రపు అడుగు ఉపరితలం, నీటిమట్టం, ప్రవాహాలు ఒక్కొక్కటీ విడి పొరగా ఓడ తెరపైకి వస్తాయి. ఓడలు దీన్ని వాడేందుకు 2026 జనవరి 1 నుంచి వీలు కలిగింది. 2029 నుంచి కొత్తగా బిగించే ఎక్‌డిస్ వ్యవస్థలకు తప్పనిసరి అవుతుంది. నీటిమట్టాన్ని రేవు సంస్థ కొలవవచ్చు, ప్రవాహాలను వాతావరణ సంస్థ అంచనా వేయవచ్చు, అడుగును ప్రైవేటు కాంట్రాక్టరు సర్వే చేయవచ్చు. చార్టు నిన్నటిదాకా ఒకే యజమాని సరుకు. ఈ పొరలకు యజమానులు అనేకులు, ఏ పొర ధర ఎవరు నిర్ణయించాలన్నది ఒక్కో దేశం ఇప్పుడిప్పుడే తేల్చుకుంటోంది.