తెలుగు మాట.. తెలుగు అక్షరంలోనే!

హోసూరులో చదువుకునే మనవడు ఊళ్లో ఉన్న నానమ్మకు ఫోన్‌లో సందేశం పంపుతాడు. మాట తెలుగే, అక్షరాలు మాత్రం ఇంగ్లిషువి. నానమ్మకు తెలుగు చదవడం వచ్చు, ఇంగ్లిషు రాదు. మనవడు రాసిన తెలుగును ఆమెకు ఇంకెవరో చదివి వినిపించాలి. బళ్లారిలో, బరంపురంలో, సోలాపూర్‌లో ఉన్న మన ఇళ్లలోనూ ఇలాంటి దృశ్యం కొత్తేమీ కాదు.

మన బళ్లకు స్మార్ట్‌ బోర్డులు, ట్యాబ్‌లు వస్తే సంతోషమే. అయితే పరికరం వచ్చినంత మాత్రాన తెలుగు వచ్చినట్టు కాదు. బడిలో తెలుగు ఒక్క పీరియడే ఉండి, ఇంటికొచ్చాక వేళ్లకు ఇంగ్లిషు అక్షరాలే అలవాటైతే రాత పలచబడుతుంది. రాత రాని పిల్లలు పై తరగతుల్లో తెలుగు వదిలేస్తారు. పిల్లలు తగ్గితే తెలుగు పంతులు పోస్టుకే ముప్పు.

ఎక్కడ తడబాటు?

కల, కళ, కాల.. ఇంగ్లిషు అక్షరాల్లో రాస్తే మూడూ ఒక్కటే. చుట్టూ ఉన్న భాష ప్రభావమూ తోడవుతుంది. తమిళంలో ప, బ లకు ఒకే అక్షరం. అందుకే అక్కడి పిల్లలు పాట, బాటల దగ్గర తికమకపడొచ్చు. ఒడియాలో, మరాఠీలో ఎ, ఏ లకు వేర్వేరు గుర్తులు లేవు. అక్కడ మెడ, మేడల మీద శ్రద్ధ పెట్టాలి. కన్నడ లిపి మనదానికి దగ్గరే కాబట్టి కర్ణాటక పిల్లలకు తలకట్టు, కొన్ని అక్షరాల తేడా చూపిస్తే చాలా వరకు సరిపోతుంది.

ఫోన్‌తోనే విరుగుడు

ఇన్‌స్క్రిప్ట్‌ కీబోర్డులో ‘క్ష’ రావాలంటే క, పొల్లు, ష వరుసగా నొక్కాలి. ఒత్తు ఎలా పుడుతుందో పిల్లలకు వేళ్లతోనే తెలుస్తుంది. ఇంగ్లిషులో కొడితే తెలుగులోకి మార్చే కీబోర్డులో ఆ పని యంత్రమే చేసేస్తుంది.

మరో అభ్యాసం. విద్యార్థి ఒక వాక్యాన్ని ముందు నోటు పుస్తకంలో రాయాలి. తర్వాత అదే వాక్యాన్ని వాయిస్‌ టైపింగ్‌లో పలికి, రెండూ పోల్చి చూడాలి. ఇంటి మాటను ఫోన్‌ గుర్తించకపోతే ఆ మాట తప్పని పంతుళ్లు అనకూడదు. యంత్రానికి మన యాస తెలియదని చెప్పాలి.

2017లో మొదలైన దీక్షా వేదికలో బోర్డు, మాధ్యమం, తరగతి ఎంచుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌ బోర్డు, తెలుగు మాధ్యమం ఎంచుకుని గణితం, సైన్సు పాఠాలు చూడవచ్చు. నెట్‌ అందని బడి అయితే ముందే దించుకుని వెళ్లాలి. సాంఘిక శాస్త్రం మాత్రం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. దానికి సొంత రాష్ట్ర పుస్తకమే ఆధారం.

అమ్మానాన్నలూ అడగండి

ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించేందుకు ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం చెబుతోంది. బడికి కొత్త బోర్డు వచ్చినప్పుడు దాంట్లో తెలుగు పాఠాలు ఉన్నాయా అని యాజమాన్య కమిటీ సమావేశంలో అడగండి. ఇంట్లో ఫోన్‌కు తెలుగు కీబోర్డు పెట్టండి. ఈ రాత్రి నానమ్మకు పంపే సందేశం తెలుగు అక్షరాల్లోనే వెళ్లనివ్వండి. ఆమె తానే చదువుకుంటుంది.