ఇంజను గొలుసు : క్రొత్తదాని యెన్నిక



సైకిలు గొలుసు జాఱినచో తొక్కువాఁడు దిగి, వ్రేళ్ళకు మసి పూసికొని, మరల నెక్కించుకొని పోవును. మోటారు ఇంజను లోపలను అట్టి గొలుసే యొకటి కలదు. దానిని టైమింగు గొలుసందురు. అది జాఱినచో దిగి యెక్కించుటకు వీలులేదు, ఇంజనే చెడవచ్చును. అది యరిగినప్పుడు క్రొత్తది యెట్లెన్నుకొనవలయునో విన్నవించెదను.

ఉదాహరణమునకు, అమెరికాలో 1955లో వెలువడిన షెవ్రొలే వారి చిన్న ఎనిమిది సిలిండర్ల ఇంజనును గైకొందము. వేగపు బండ్లు కట్టుకొనువారు నేఁటికిని దానిని విప్పి కూర్చుచుందురు. అందు క్రింద క్రాంకు ఇరుసు, దానిపైని క్యాము ఇరుసు, రెంటి కొనలను పండ్ల చక్రములు, వానిని చుట్టి గొలుసు. క్రాంకు రెండు చుట్లు తిరుగునప్పటికి క్యాము సరిగా ఒక్క చుట్టు తిరుగవలెను. ఆ క్యామే గాలి వచ్చు కవాటములను, పొగ వెడలు కవాటములను అదనునకు తెఱపించును. నిమిషమునకు క్రాంకు 6000 చుట్లు తిరిగినచో క్యాము 3000 చుట్లు. ఇంత వేగమున తాళము తప్పినచో, తెఱచియున్న కవాటమును పిస్టను వచ్చి కొట్టవచ్చును. పెద్ద క్యాము వేసిన పందెపు ఇంజనులలో ఈ భయము మఱింత హెచ్చు.

గొలుసు సాగినదని పనివారందురు. వ్యాకరణము చెప్పినవాఁడను గావున ఈ మాటను సరిచేయక యుండలేను. సాగినది ఇనుము కాదు. ప్రతి లంకెలోని కడ్డీయు, దానిఁ బట్టిన రంధ్రమును రవ్వంత అరుగును. ఆ రవ్వంతలన్నియుఁ గూడి గొలుసు వదులగును. అప్పుడు క్యాము వెనుకఁబడి, కవాటములు ఆలస్యముగా తెఱచుకొనును. బండి బలము తగ్గును.

1960 దశకమున చప్పుడు తగ్గించుటకై క్యాము చక్రపు పండ్లకు నైలాను తొడిగిరి. ఇంట నున్నవారి చెవికి హాయియే గాని, ఏండ్లు గడచినకొలఁది వేడికి ఆ నైలాను పెళుసై పగులును. తునుకలు నూనె తొట్టిలోఁ బడి, పంపు నూనె పీల్చు జల్లెడకు అడ్డుపడును. పాత బండి కొన్నవారు మొట్టమొదట చూడవలసినది దీనినే.

వేగపు ఇంజనునకు గట్టి స్ప్రింగులు వేయుదురు గావున గొలుసుపై భారము హెచ్చు. అందుకు ఉక్కు చక్రములతోడి రెండు వరుసల రోలరు గొలుసు తగినది. ఈ రోలరు గొలుసు 1880లో మాంచెస్టరున హాన్సు రెనాల్డు కల్పించినది. కొనునప్పుడు ఒక్కొక్క రోలరును వ్రేలితో త్రిప్పి చూడవలెను. రోలరు రూపమే యుండి తిరుగనివియుఁ గొన్ని అంగళ్ళలో నమ్ముదురు. గొలుసునకు బదులు పండ్ల చక్రములనే వరుసగా కూర్చు పద్ధతియుఁ గలదు. అది కచ్చితమైనదే గాని దాని రొద భరింపరానిది.

ఎక్కువమంది మఱచునది వేఱొకటి. క్రాంకు కూర్చుండు గూళ్ళను మరల తొలిచి సరిచేసినచో, క్రాంకు కొంచెము పైకి జరిగి క్యామునకు దగ్గఱగును. ఎంత మేలైన గొలుసైనను అప్పుడు వదులే. అట్టి ఇంజనులకై అంగుళమున వేయవవంతులు 5, లేక 10 తగ్గించిన సెట్లు దొరకును. కావున తొలిచిన పనివానిని ముందుగా అడిగి, పిమ్మట కొనవలెను. పాత చక్రములపై క్రొత్త గొలుసు వేయరాదు. అరిగిన పండ్లు దానిని త్వరలోనే అరుగఁజేయును.

కొన్ని క్రాంకు చక్రములకు మూఁడు చీల గాళ్ళుండును: ఒకటి సరియైన స్థానము, ఒకటి క్యామును 4 డిగ్రీలు ముందునకు, ఒకటి 4 డిగ్రీలు వెనుకకు త్రిప్పునది. ముందునకు జరిపినచో తక్కువ వేగమున బలము, వెనుకకు జరిపినచో మిక్కిలి వేగమున బలము హెచ్చును. లెక్క తెలియనివారు సరిగాడినే పట్టుకొనుట మేలు.

బిగించునప్పుడు క్రాంకు చక్రపు చుక్క పైకిని, క్యాము చక్రపు చుక్క క్రిందికిని, ఒకదానికొకటి ఎదురెదురుగా నుండవలెను. ఇంజను నడుపుటకు ముందు క్రాంకును చేతితో రెండు నిండు చుట్లు మెల్లగా త్రిప్పి, చుక్కలు మరల కలిసినవో లేదో చూడవలెను. నడుమ ఎక్కడనైనను అడ్డు తగిలినచో, బలవంతము చేయక ఆపి, మూఁత విప్పవలెను.