నీడ పొట్టిగా ఉంటే ఎండకు ఎందుకు జాగ్రత్త పడాలి?

హైదరాబాద్ సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉన్నందువల్ల, ఏటా మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ కూడళ్లలోని నిట్టనిలువు స్తంభాల నీడ కొద్దిసేపు మాయమవుతుంది. అప్పుడు కిరణాలు వాతావరణంలో తక్కువ దూరమే ప్రయాణిస్తాయి కనుక, కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలు ఎక్కువగా నేలను చేరతాయి.

ఇవి చర్మకణాల్లోని డీఎన్ఏను, అంటే కణం ఎప్పుడు విభజన చెందాలో తెలిపే రసాయన లిపిని, దెబ్బతీస్తాయి; కణం చాలావరకు తానే సరిదిద్దుకున్నా, మిగిలిన లోపాలు ఏళ్ల తరబడి పోగుపడితే కణాలు అదుపు తప్పి పెరుగుతాయి, దానినే చర్మ క్యాన్సర్ అంటారు. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ అనే పదార్థం కణకేంద్రకంపై గొడుగులా పరుచుకుని ఈ కిరణాలను పీల్చుకుంటుంది కనుకనే తెలుగువారిలో ఈ వ్యాధి తెల్లజాతీయులలో కంటే చాలా అరుదు. ఇలా కాపాడే నలుపును లోపంగా చూడటం, దాన్ని పోగొట్టడానికి క్రీములు పూయడం తప్పు. పుట్టుకతోనే మెలనిన్ బాగా తక్కువగా ఉండే స్థితిని ఆల్బినిజం అంటారు. ఆ స్థితితో పుట్టిన పిల్లలకు పొడుగు చేతుల చొక్కా, వెడల్పు అంచు టోపీ, సన్‌స్క్రీన్ తప్పనిసరి.

నీడ మనిషి ఎత్తుకంటే పొట్టిగా ఉన్నదంటే సూర్యుడు 45 డిగ్రీలకు పైన ఉన్నట్టే. ఆ వేళ ఆటలను సాయంత్రానికి మార్చుకోవాలి, బయట నడవక తప్పకపోతే గొడుగు పట్టాలి. అరికాళ్లలో, గోళ్ల కింద వచ్చే మెలనోమా అనే క్యాన్సర్‌కు మాత్రం ఎండ ప్రధాన కారణం కాదు. అక్కడ కొత్తగా నల్లమచ్చ కనిపించి పెరుగుతుంటే ఆలస్యం చేయక చర్మవైద్యునికి చూపించాలి.